నీరు దించి కట్టిన ఒడ్డు

సియాటిల్‌లో గ్రీన్ లేక్ అనే సరస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగితే 2.8 మైళ్లు, మన లెక్కలో నాలుగున్నర కిలోమీటర్లు. ఇంత దూరంలోనూ నీటికీ నడిచేవాళ్లకీ మధ్య ఎవరి సొంత ఇల్లూ, ఎవరి ప్రహరీ గోడా అడ్డురావు. కొద్ది మైళ్ల దూరంలో తూర్పున లేక్ వాషింగ్టన్ ఉంది. దాని ఒడ్డు చాలా దూరం ధనికుల పెరళ్లలోకి పోయింది. గ్రీన్ లేక్ ఒడ్డు మాత్రం కుక్కను వెంటబెట్టుకుని వచ్చే ఎవరికైనా తెరిచే ఉంటుంది. అలా ఉండేట్టు ఒక మనిషి కూర్చుని గీశాడు. ఆ గీతలోని పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు జాన్ చార్లెస్ ఓమ్‌స్టెడ్. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌కి తమ్ముడి కొడుకు, ఆపై పెంపుడు కొడుకు. 1903లో ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ తరఫున సియాటిల్ వచ్చి నగరం మొత్తానికీ పార్కుల ప్రణాళిక రాశాడు. అప్పటికే గ్రీన్ లేక్ దాకా ట్రాలీ బండ్లు నడుస్తున్నాయి, చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి. ఒడ్డున పార్కుకు మిగిలింది సన్నని అంచు. చుట్టుపక్కల స్థలాలన్నీ కొనాలంటే నగరానికి తలకు మించిన ఖర్చు. కానీ సరస్సు అడుగు నేల రాష్ట్రం నుంచి నగరానికి దఖలు పడింది. నీరు దించితే బయటపడే నేలంతా నగరానిదే! 1911లో సరస్సు మట్టాన్ని ఏడడుగులు దించారు. దాదాపు వంద ఎకరాలు బయటపడ్డాయి. ఆ బురద నేలను పూడ్చి, చదును చేసి, గడ్డి వేసి, చెట్లు నాటే పని ఏళ్ల తరబడి సాగింది.

ఇవాళ అక్కడ నడిచేవాళ్లకు ఇదేదీ తెలియదు. ఒడ్డు ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు ఉంటుంది. దారి ఎక్కడా తిన్నగా సాగదు, వంపులు తిరుగుతూ పోతుంది. కాసేపు చెట్ల గుంపు నీటిని దాచేస్తుంది, నాలుగడుగులు వేయగానే నీరంతా ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటుంది. కార్లు తిరిగే వీధిని చాలాచోట్ల పచ్చికా చెట్లూ వెనక్కి నెట్టేస్తాయి. నీటి అంచున బాల్డ్ సైప్రస్ చెట్లు చూడండి. సూదుల్లాంటి ఆకులుండీ శరదృతువులో ఇటుకరంగు తిరిగి రాలిపోతాయి. ఆ వారాల్లో ఒక్క చెట్టు దగ్గరే గంట నిలబడాలనిపిస్తుంది.

పడమటి వైపు మాత్రం మనసు చివుక్కుమంటుంది. 1930ల మొదట్లో అరోరా అవెన్యూ రహదారిని సరస్సు పక్కనున్న వుడ్‌ల్యాండ్ పార్కు మధ్య నుంచి తీశారు. అక్కడ దారి రహదారికీ నీటికీ నడుమ ఇరుకవుతుంది, లారీల మోత చెవుల్లో పడుతుంది. ఓమ్‌స్టెడ్ గీతలో ఎంత ఊపిరి ఉందో ఆ ఇరుకులో నడిచినప్పుడే బాగా తెలిసింది నాకు.

ఇక కుక్కల సంగతి. నడిచేవాళ్లకొక వరస, చక్రాలకొక వరస అని దారి మీదే గీత గీసి ఉంటుంది. కుక్క లీష్ ఎనిమిది అడుగులు దాటకూడదన్నది నగర నిబంధన. ఈత కొట్టే తీరాల్లోకి, పిల్లల ఆటస్థలాల్లోకి కుక్కలకు ప్రవేశం లేదు. స్వేచ్ఛగా పరుగెత్తించాలంటే పక్కనే వుడ్‌ల్యాండ్ పార్కులో కంచె వేసిన చోటు ఉంది. సరస్సులో 1936లో కట్టిన డక్ ఐలాండ్ అనే దీవిని పక్షులకే వదిలేశారు, మనుషులు సైతం అడుగుపెట్టకూడదు. ఎవరి చోటు వాళ్లకు ఇవ్వడం కూడా నా దృష్టిలో నిర్మాణంలో భాగమే. రెడ్మండ్, బెల్‌వ్యూలలో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి మన ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడ కనిపిస్తుంటారు. వీధికుక్క కనబడితే కర్ర కోసం చూసే అలవాటున్న పెద్దవాళ్లు, పక్కనుంచి లాబ్రడార్ దాటిపోతున్నా మాట ఆపకుండా నడుస్తుంటే నాకు చాలా సంతోషమేసింది.

అయితే ఆ ఏడడుగులకు సరస్సు మూల్యం చెల్లించింది. మట్టం దిగాక సరస్సు నీరు రావెన్నా అనే వాగులోకి పారడం ఆగిపోయింది. సరస్సు లోతు తక్కువ, సగటున నాలుగు మీటర్లు. నిలిచిన నీటిలో భాస్వరం చేరితే నాచు విజృంభిస్తుంది. 1855లో ఇక్కడ సర్వే చేసిన డేవిడ్ ఫిలిప్స్ కాలం నాటికే నాచు ఉంది కాబట్టి నేరమంతా ఓమ్‌స్టెడ్‌ది అనలేం, తీవ్రత మాత్రం పెరిగింది. 1960ల్లో నగర తాగునీటిని వదిలి సరస్సును పలచబరిచారు. ఆ తర్వాత 1991, 2004, 2016లలో పటిక వైద్యం చేశారు. గోదావరి ఒడ్డు ఊళ్లలో బిందెలో పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగినట్టే, అల్యూమినియం సల్ఫేట్ భాస్వరాన్ని పట్టుకుని అడుగున కూర్చోబెడుతుంది. అది మళ్లీ పైకి లేవకుండా అడుగు బురదను కప్పి ఉంచుతుంది కూడా. మొదట గీసినవాడి చేతికి ఎంత పేరుందో, తరతరాలుగా నీటిని కాచుకుంటున్నవాళ్ల చేతికీ అంతే పేరు దక్కాలి.

ఈ నాచులో కొన్ని రకాలు విషం విడుదల చేస్తాయి. మనుషులకంటే కుక్కలకే ముప్పు ఎక్కువ. ఆ నీళ్లు తాగుతాయి, ఒంటికంటిన నాచును నాకుతాయి. కాబట్టి వేసవిలో, శరదృతువు మొదట్లో మీ కుక్కతో అక్కడికి వెళితే ముందు ఒడ్డున హెచ్చరిక బోర్డు ఉందేమో చూడండి. నీటి మీద పెయింటు ఒలికినట్టు పచ్చని తెట్టు కనిపిస్తే కుక్కను దగ్గరికి పోనివ్వకండి. తాగడానికి ఇంటి నుంచే నీళ్లు తీసుకెళ్లండి. పొరపాటున నీటిలో దిగితే, నాకకముందే మంచినీళ్లతో కడిగేయండి. వాంతులు, వణుకు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి.