విమానం నుంచి పురుగుమందు: చట్టం చెప్పినదీ, చెప్పనిదీ

చేతిపంపుతో మందు కొట్టే రైతు నేలమీద నిలబడి ఉంటాడు. గాలి తిరిగితే ఆగగలడు. పిల్లలు ఎదురైతే పంపు కట్టివేయగలడు. అదే మందు హెలికాప్టరు నుంచి పడేటప్పుడు ఈ వెసులుబాటు చాలావరకు పోతుంది. కొద్ది నిమిషాలలో ఎకరాలకొద్దీ తోట తడుస్తుంది. తోటతోబాటు దాని అంచున ఉన్న ఇల్లు, బావి, వాగు కూడ తడవవచ్చు. అందుచేత ఆకాశం నుంచి మందు చల్లడానికి చట్టం ప్రత్యేకమైన నియమాలు పెట్టవలసి వచ్చింది. భారతదేశంలో అటువంటి నియమం ఒకటి 1971 నుంచి ఉన్నది. అది ఇంటినీ, నీటినీ ఎంతవరకు కాపాడగలదన్నది పరిశీలింపదగిన విషయం.

ఈ నియమానికి మూలమైన చట్టం ఒక విషాదంలోంచి పుట్టింది. 1958లో పారథియాన్ అనే పురుగుమందు రవాణాలో ఆహారపదార్థాలకు అంటుకొని, కేరళలో 100 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటనపై విచారణ జరిగింది. దాని పర్యవసానంగా 1968లో క్రిమిసంహారక మందుల చట్టమూ, 1971లో దాని నియమావళీ వచ్చాయి. ఆ నియమావళిలోని 43వ నియమం ఆకాశం నుంచి మందు చల్లే పనికి సంబంధించినది.

ఆ నియమం ఆరు సంగతులు చెబుతుంది. మందు చల్లవలసిన ప్రదేశానికి గుర్తులు పెట్టే బాధ్యత ఆ పని చేపట్టినవారిది. ఆమోదించిన మందునే, ఆమోదించిన గాఢతలో, ఆమోదించిన ఎత్తునుంచి చల్లాలి. కడుగుకొనడానికీ, ప్రథమ చికిత్సకూ ఏర్పాట్లుండాలి. కనీసం 24 గంటల ముందుగా అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయాలి. పనితో సంబంధంలేని మనుషులనూ, పశువులనూ కొంతకాలంపాటు ఆ ప్రదేశంలోకి రానివ్వరాదు. విమానం నడిపేవారికి మందుల విషలక్షణాలను గురించి కూడ శిక్షణ ఉండాలి.

ఇవన్నీ మంచి మాటలే. ముందుగా చాటింపు వేయమనడం, చోదకునికి శిక్షణ కావాలనడం ఆ కాలానికి మెచ్చుకొనదగినవి. కాని నియమంలో లేని మాటలు ఇంకా ముఖ్యమైనవి. ఇంటికి ఎంత దూరంలో ఆపాలో లేదు. చెరువు, వాగు, బావి అనే పేర్లే లేవు. గాలి వేగం ఎంత మించితే పని మానాలో లేదు. మనుషులు తోటలోకి రాకూడదన్నది కాని, మందు తోట దాటి మనుషుల దగ్గరకు పోకూడదని అనలేదు.

ఈ లోపం ఎంత పెద్దదో భౌతికశాస్త్రం చెప్పగలదు. మందు నీరు రకరకాల బిందువులుగా విడిపోతుంది. నూరు మైక్రానుల వ్యాసం గల బిందువు నిశ్చలమైన గాలిలో సెకండుకు సుమారు 25 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. 3 మీటర్ల ఎత్తునుంచి నేలకు చేరడానికి దానికి 12 సెకండ్లు పడుతుంది. గాలి సెకండుకు 2 మీటర్ల వేగంతో వీస్తుంటే, అది పక్కకు 24 మీటర్లు పోతుంది. ఆ గాలి చెట్ల ఆకులను కదల్చే పిల్లగాలి మాత్రమే. అదే బిందువును 10 మీటర్ల ఎత్తునుంచి వదలితే 80 మీటర్లు పోతుంది. ఇక 20 మైక్రానుల బిందువు దిగేది సెకండుకు ఒక సెంటీమీటరు కంటె కొంచెం ఎక్కువ. 3 మీటర్ల ఎత్తునుంచి వదలినా అది అర కిలోమీటరు దూరం పోగలదు. గాలి సుడులు, బిందువు ఆవిరికావడం ఈ లెక్కలో చేర్చలేదు. ఆవిరైన కొద్దీ బిందువు చిన్నదై ఇంకా దూరం పోతుంది. కనుక బిందువు పరిమాణం, ఎత్తు, గాలి అనే మూడింటిలో ఎత్తు ఒక్కదానినే పేర్కొన్న నియమం సమస్యలో ఒక భాగాన్ని మాత్రమే చూసింది.

ఈ కొరతకు కేరళలోని కాసరగోడు జిల్లా సాక్ష్యం. అక్కడ ప్రభుత్వరంగ సంస్థ అయిన కేరళ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటలు నాలుగున్నర వేల హెక్టార్లకు పైగా ఉన్నాయి. పూతను పాడుచేసే టీ దోమను చంపడానికి 1970ల చివరినుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటలు కొండలమీద, ఇళ్ళు లోయలలో. అక్కడి ప్రజలు బావుల నీరేకాక, ఎర్రరాతి కొండలలోకి అడ్డంగా తవ్విన సురంగాల ద్వారా ఊరే నీరు కూడ తాగుతారు. చాటింపు విని బావిమీద మూత వేసుకొనవచ్చు. కొండమీద పడిన మందు వానతో కిందికి రాకుండా ఎవరు మూయగలరు? ఎగుడుదిగుడు కొండలమీద ఎగిరేటప్పుడు చెట్లకు అతి దగ్గరగా ఒకే ఎత్తు నిలుపుకొనడమూ తేలిక కాదు.

అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2003లో ఒక పరిశీలన ప్రచురించారు. ఆ తోటల దిగువ గ్రామంలోని 117 మంది బాలురను, మందు తగలని మరొక ప్రాంతపు 90 మంది బాలురతో పోల్చి చూశారు. మొదటివారి రక్తంలో ఎండోసల్ఫాన్ ఎక్కువగా కనిపించింది; యౌవన లక్షణాలు రావడంలో ఆలస్యమూ కనిపించింది. ఆ ప్రాంతపు రోగాలన్నిటికీ ఈ మందే కారణమా అన్న విషయంలో నిపుణుల సంఘాలు ఒక్క మాటమీద లేవు. అయితే మందు తోట దాటి పిల్లల రక్తంలోకి చేరిందనడానికి ఆ వివాదం తేలేదాకా ఆగనవసరం లేదు. చట్టం ఆపవలసింది ఆ చేరికనే. 2011 మేలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశమంతటా నిలిపివేసింది. 2017లో బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. ఒక మందు పోయింది. నియమంలోని ఖాళీ అట్లే ఉన్నది.

నీటికి వేరే చట్టం లేదా అని విద్యార్థి అడగవచ్చు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం 24వ విభాగం విషపదార్థాలను తెలిసి తెలిసి ప్రవాహంలోకిగాని, బావిలోకిగాని చేరనివ్వరాదంటుంది. ‘తెలిసి’ అన్న మాటలోనే చిక్కు ఉన్నది. గాలి కొట్టుకొనిపోయిన మందు తనకు తెలిసే వాగులో పడిందని ఎవరు ఒప్పుకొంటారు? దూరం ముందే నిర్ణయించి ఉంటే, దానిని దాటడమే నేరమవుతుంది. మనసులోని ఉద్దేశాన్ని నిరూపించవలసిన పని ఉండదు.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2009లో ఇచ్చిన ఆదేశం విమానాలతో మందు చల్లడాన్ని సాధారణంగా నిషేధించి, వేరే దారి లేనప్పుడో, స్పష్టమైన మేలున్నప్పుడో మాత్రమే అనుమతించింది. అప్పుడు కూడ నివాసాలకు సమీపంలో చల్లరాదన్నది. నీటివనరుల పక్కన మందు వాడని పట్టీలు విడవమన్నది. ఫిలిప్పీన్సులోని దవావో నగరం 2007లో అరటితోటలపై ఇట్టి చల్లకాన్ని నిషేధించి, 30 మీటర్ల పట్టీ విడవమన్నది. 2016లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. తోట పెద్దదైనా చిన్నదైనా ఒకే కొలత పెట్టడం సమంజసం కాదన్నది; పురుగుమందులను అదుపుచేసే అధికారం నగరానికి లేదన్నది. కొలత లేని నియమం బలహీనం. శాస్త్రీయమైన ఆధారం చూపని కొలత కూడ న్యాయస్థానంలో నిలువలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్న తెలుగు పొలాలకూ వచ్చింది. వరి, మిరప చేలపై డ్రోనులతో మందు చల్లడం పెరుగుతున్నది. డ్రోను తక్కువ ఎత్తున ఎగురుతుంది, మందు మోసేవాని ఒంటిమీద పడదు. ఇవి నిజమైన లాభాలు. కాని తక్కువ నీటితో చల్లడానికి సన్నని బిందువులు కావాలి. సన్నని బిందువే దూరం పోతుంది. డెల్టాలో కాలువ చేనిగట్టునే పారుతుంది; ఆ నీరే ఊరిచెరువు నింపుతుంది, చేపలనూ పెంచుతుంది. కేంద్ర వ్యవసాయశాఖ 2021 డిసెంబరులో డ్రోనుల వాడకానికి కార్యవిధానం ప్రకటించింది. అది అవసరమైన పనే; అయితే కార్యవిధానం నియమావళికి బదులు కాజాలదు.

43వ నియమంలో చేర్చవలసినవి ఎన్నో లేవు: ఇంటికీ, బడికీ, నీటికీ విడవవలసిన దూరం, బిందువు పరిమాణాన్నీ ఎత్తునూ బట్టి, పని ఆపవలసిన గాలి వేగం, ఆ రోజు కొలిచిన గాలి వివరాలు వ్రాసి ఉంచే పుస్తకం. బడిలో గాలి వేగం కొలిచే చిన్న సాధనం ఉంటే, ఈ దూరాలను ఉన్నత పాఠశాల విద్యార్థులే లెక్కకట్టగలరు. వారు కట్టగల లెక్క నియమావళిలో ఇన్నేళ్ళుగా లేకపోవడానికి శాస్త్రం లోటు కారణం కాదు.