ఎర్రబడ్డ కన్నుకు మూడు ప్రశ్నలు

ఈ వారం మందుల షాపులో నా ముందు నిలబడ్డ రైతు కన్ను చింతనిప్పులా ఉంది. "కోతలో వరికంకి కొట్టుకుందన్నా, చుక్కల మందేదైనా ఇవ్వు" అన్నాడు. షాపతను మారు మాట్లాడకుండా యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన డ్రాప్స్ తీసి బల్ల మీద పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. ఆ రైతును ఆపి, కంటి డాక్టరు దగ్గరికి పంపాను.

మా ఊళ్లో కండ్లకలక వస్తే అమ్మమ్మ నందివర్ధనం పూలు తడిపి, రాత్రి పడుకోబోయే ముందు కళ్ల మీద పరిచేది. తెల్లారేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోయేవి. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచేది. వారం పది రోజుల్లో తగ్గిపోయేది. అంతా పూల మహిమేనని ఊరి నమ్మకం. నిజానికి వైరస్ వల్ల వచ్చే కండ్లకలక చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అప్పట్లో పూలకు దక్కిన పేరు ఇప్పుడు చుక్కల మందుకు దక్కుతోంది. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాలను కండ్లకలక చుట్టేసినప్పుడూ చాలామందికి కావలసింది చేతులు కడుక్కోవడం, ఎవరి తువ్వాలు వాళ్లు వాడుకోవడమే.

వరికంకి తగిలిన కన్ను సంగతి వేరు. నల్లగుడ్డు మీది పొర గీరుకుంటే అక్కడ ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్ చేరి పుండు పడుతుంది. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్ పెచ్చుమీరుతుంది. అందుకే డాక్టరు మొదట కంట్లో మత్తు చుక్క వేసి, పుండు అంచున సన్నటి బ్లేడుతో కాస్త గీరి తీస్తారు. దాన్ని గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఫంగస్ ఉంటే కాసేపట్లోనే దాని పోగులు బయటపడతాయి. అప్పుడు 5 శాతం నాటామైసిన్ చుక్కలు గంటగంటకూ మొదలుపెడతారు. చికిత్స వారాల తరబడి సాగుతుంది.

అలాగని షాపతన్ని తిట్టి ఊరుకుంటే సరిపోతుందా? పొద్దుగూకాక పొలం నుంచి వచ్చిన మనిషికి తెరిచి ఉండేది ఆ షాపొక్కటే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి పల్లెల్లోని విజన్ సెంటర్లలో కూర్చోబెట్టారు. ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో వాళ్లు గుర్తుపడుతున్నారు. షాపతనికి అంత చదువు అక్కర్లేదు, మూడు ప్రశ్నలు చాలు. కంట్లో ఏమైనా తగిలిందా? చూపు మసకబారిందా? నొప్పితో వెలుతురు చూడలేకపోతున్నావా? ఒక్కదానికి అవునన్నా మందు అమ్మకుండా కంటి డాక్టరు దగ్గరికి పంపాలి.

షాపుల అన్నలారా, కోతల కాలం నడుస్తోంది. ఈ మూడు ప్రశ్నలూ రాసి కౌంటరు మీద అతికించుకోండి. చీటీ లేనిదే స్టెరాయిడ్ డ్రాప్స్ బయటికి తీయకండి.