‘చందమామ’ సాహసకథలు: పునఃపఠనము

పిల్లల చేతికి మంత్రతంత్రముల కథలీయవచ్చునా యను ప్రశ్న సంస్కారప్రియులగు గృహస్థుల యిండ్లలో నేటికిని వినవచ్చుచున్నది. మూఢవిశ్వాసములను మాన్పవలెనని చెప్పెడివారే మాంత్రికుల గాథలను బిడ్డలచేత చదివించుట తగునా యని వారి శంక. శంక సహేతుకమే. కాని గ్రంథములను జూడక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మదరాసున ‘చందమామ’ను స్థాపించిరి. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ పత్రికకు 12 ధారావాహికలు వ్రాసిరి. వానికి చిత్రగారి బొమ్మలు ప్రాణము పోసినవి. కథపై రచయిత పేరుండెడిది కాదు. కావున పాఠకులు మాంత్రికుల పేరులు కంఠస్థము చేసిరి గాని, వారిని సృజించిన వాని పేరెరుగరు. బాల్యమున మాకు ప్రియములైన ‘శిథిలాలయము’, ‘రాతిరథము’, ‘యక్షపర్వతము’, ‘మాయాసరోవరము’ కథలను ఈ వేసవి సెలవులలో మరల చదివితిమి.

మొదట తోచినది యిది. ఈ కథలలో మాంత్రికునకు భయపడువారు గలరు గాని, అతనిని గౌరవింపుమని రచయిత యెచ్చటను చెప్పడు. ధనరాశులకో, అధికారమునకో ఆశపడి, తోడి మాంత్రికునితో కలహించి, తుదకు తన పన్నుగడలో తానే చిక్కుకొనువాడు మాంత్రికుడు. నాయకుల పక్షమునను మంత్రమెరిగినవారు లేకపోలేదు; అయినను చదువరి మనసున నిలుచునది మంత్రము కాదు, మెలకువయు ధైర్యమును. ఇట్టి కథ చదివిన బాలుడు మంత్రదండమునకు మ్రొక్కడు. దానిని బట్టిన చేతి వెనుకనున్న దురాశను గనిపెట్టును. ఇంతకంటె సంస్కరణ మేమి కావలెను?

రెండవది స్నేహము. ఈ కథల నాయకులు తరచుగా ఇరువురు: ధూమక సోమకులు, ఖడ్గవర్మ జీవదత్తులు, జయశీల సిద్ధసాధకులు. ‘శిథిలాలయము’న శిఖిముఖి శబర యువకుడు, విక్రమకేసరి క్షత్రియ కుమారుడు. ఒకే దారి నడతురు, ఒకే యాపదను పంచుకొందురు. చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ మిత్రలాభమున కాకి, ఎలుక, తాబేలు, లేడి చెలిమి చేసినవి. జాతిభేదము నెంచని ఆ చెలిమిని దాసరివారు మనుష్యులకు దెచ్చిరి. నీతి చెప్పుచున్నామని చెప్పకయే చెప్పిరి. మా తరగతిలో కులవ్యత్యాసములపై మేము చేయు ఉపన్యాసముకంటె శిఖిముఖి నడకయే పిల్లలకు చక్కగా బోధపడును.

అయినను లోపమును దాచుట విమర్శకుని పని కాదు. మేము పేర్కొన్న జంటలలో ఒక్క ఆడుపేరైనను లేదు. ఏలూరున మేము పాఠము చెప్పు తరగతికి కొల్లేటి లంకలనుండి వచ్చు బాలికలు గలరు. తాటిదోనె నెక్కి గెడ వేయ నేర్చినవారు, గాలి లేచినను బెదరనివారు వారిలో నున్నారు. ‘మాయాసరోవరము’ చదివిన యొకతె, “మాస్టారూ, ఈ కథలో ఆడపిల్లలెవరూ బయలుదేరరేమండీ?” అని యడిగెను. ఆ కాలపు రచనలన్నియు నట్టివేయని సమాధానము చెప్పవచ్చును. కాని అది కాలమునకు సమాధానమగును గాని బాలికకు గాదు. ఇంగ్లీషున 1997లో మొదలైన హారీ పాటర్ కథలలో హెర్మయొనీ యను బాలిక ఇరువురు మగపిల్లలతో సమానముగా ఆపదలలో దిగి, పెక్కుమారులు తన చదువుతో వారిని గట్టెక్కించుచున్నది. సాహసకథకు దీనివలన కలిగిన నష్టమేమియు మాకు గానరాదు.

కావున గృహస్థులకు మా మనవి: ఈ పుస్తకములను పిల్లలనుండి దాచకుడు. కొడుకుతోపాటు కూతురిచేతను చదివింపుడు. చదివిన పిమ్మట ఆ బాలిక యడిగిన ప్రశ్నను మీరును అడుగుడు. ‘చందమామ’ నేడు వెలువడుట లేదు. దాసరివారు 2010లో గతించిరి. వారు వ్రాసినవి పండ్రెండు. పదుమూడవదానిని వ్రాయబూనువారు గెడ పట్టిన బాలికతో కథ నారంభింతురుగాక.