గడియ ఎవరి చేతిలో ఉంది?

చిన్న ఇల్లు గొప్పదని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. నూరు చదరపు అడుగుల్లో హాయిగా బతకొచ్చని, సామాన్లు తగ్గించుకుంటే మనసు తేలికవుతుందని, వ్యానునే ఇల్లు చేసుకుని తిరగడం స్వేచ్ఛ అని ఫోటోలు వేసి మరీ చెప్తున్నారు. నాకొక సందేహం. నూరు అడుగుల్లో బతకడం అంత పెద్ద కళ అయితే, ఆ కళలో మా మాదిగవాడను మించిన పండితులు ఎక్కడున్నారు? నేర్చుకోవడానికి మా దగ్గరికి ఒక్కరూ రాలేదేం?

ఈ సాహిత్యానికి మూలపురుషుడు థోరో. 1845 జూలై 4న ఆయన అమెరికాలో వాల్డెన్ చెరువు ఒడ్డున పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న ఇంట్లో చేరాడు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని 1854లో అచ్చయిన ‘వాల్డెన్’లో మేకులతో సహా లెక్క రాశాడు. స్థలం ఎమర్సన్‌ది. ఈ లెక్కను మెచ్చుకునేవాళ్లు అదే పుస్తకంలోని ఇంకో లెక్కను చూడకుండా దాటిపోతారు. ఆ ఇంటి పలకలు ఎక్కడివి? రైల్వే లైను మీద పనిచేసిన జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలివాడి గుడిసెవి. థోరో దాన్ని నాలుగు డాలర్ల పాతిక సెంట్లకు కొన్నాడు. తెల్లారి ఐదింటికల్లా ఖాళీ చేయాలని మాట. ఆరింటికి కాలిన్స్ కుటుంబం దారిలో ఎదురైంది. సంసారమంతా ఒక పెద్ద మూట. పిల్లిని తప్ప అన్నిటినీ తీసుకుపోతున్నారు. ఆ మూట ఏ ఊరికి చేరిందో థోరో రాయలేదు. పన్ను కట్టనని జైలుకు పోయిన మనిషిని, బానిసత్వాన్ని ఎదిరించిన మనిషిని నేను తీసిపారేయడం లేదు. కానీ నన్నడిగితే ‘వాల్డెన్’లో అసలు చిన్న ఇల్లు కాలిన్స్‌ది. థోరోది ప్రయోగం. రెండేళ్ల రెండు నెలలకు ప్రయోగం ముగించి ఆయన ఊళ్లోకి తిరిగి పోగలిగాడు.

వ్యాను ఇండ్ల సంగతీ అంతే. జెస్సికా బ్రూడర్ 2017లో అచ్చువేసిన ‘నోమాడ్‌ల్యాండ్’ చదివితే, ఇండ్ల ఖర్చు భరించలేక వ్యాన్లలోకి మారి, సీజను పనుల కోసం గోదాముల చుట్టూ తిరిగే ముసలివాళ్లు కనిపిస్తారు. లారీ మీద క్లీనరుగా పోయిన మా బావ ఏడాదిలో తొమ్మిది నెలలు ఎల్బీనగర్ చౌరస్తాకు, విజయవాడకు నడుమ క్యాబిన్లోనే పండుకునేవాడు. దాన్ని ఎన్నడూ ఇల్లు అనలేదు, డ్యూటీ అన్నడు.

2018లో హాంకాంగ్‌లో జేమ్స్ లా అనే ఆర్కిటెక్టు రెండున్నర మీటర్ల వ్యాసమున్న సిమెంటు నీటిపైపును ఇల్లుగా మార్చి చూపించాడు. 2021లో కరీంనగర్ దగ్గర బొమ్మకల్‌లో ఒక యువ ఇంజనీరు అలాంటి పైపు ఇల్లే కట్టింది. తక్కువ ఖర్చుతో ఇల్లు కట్టాలన్న ఆ ఆలోచన మీద నాకు ఫిర్యాదు లేదు. నాకు తిక్క లేచింది దాన్ని లోకంలో లేని కొత్త వింత అన్నట్టు చదివి మురిసినోళ్ల మీద. సాగర్ రోడ్డు పక్కన డ్రైనేజీ పైపులు దించినప్పుడు పాలమూరు కూలీలు వాటిల్లో కాపురం పెట్టడం నేను కళ్లారా చూసిన. ఒక మూతికి గోనెపట్టా, ఇంకో మూతికి చీర. పైపులు పూడ్చేరోజు దాకానే ఆ ఇల్లు. దాన్ని ఎవరూ ఆర్కిటెక్చర్ అనలేదు. న్యూసెన్స్ అన్నారు.

ఆ పైపు ఇంటి బొమ్మ మా చినమ్మకు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, “మంచిగనే ఉన్నది గని బిడ్డా, లోపట గడియ ఉన్నదా దీనికి?” అని అడిగింది.

ఎందుకడిగిందో చెప్పాలె. చిన్నాయిన నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు పునాది తీసిననాటి నుంచి అక్కడే కాపలా. కట్టేటప్పుడు సిమెంటు బస్తాల పక్కన రేకుల షెడ్డు. కట్టినంక మెట్ల కింద గది. ఒకదిక్కు మనిషి నిలబడొచ్చు, రెండోదిక్కు పోనుపోను కప్పు దిగి నేలను తాకుతది. ఎత్తున్న దిక్కు పొయ్యి, నడుమ పెద్దోళ్లు, వంగిన దిక్కు పిల్లలు. పిల్లలు ఎదిగినకొద్దీ ఎత్తు దిక్కు జరుగుకుంట వచ్చిండ్రు. చిన్నాయిన బయటికి జరిగి కార్ల నడుమ పండుకున్నడు. ఇంతకూ నీళ్ల మోటరు స్విచ్చి ఆ గది లోపలి గోడకే ఉండేది. అందుకని తలుపుకు లోపట గడియ పెట్టనియ్యలేదు. ఏ ఫ్లాటులో నీళ్లు రాకున్నా తలుపు తోసుకొని వచ్చి స్విచ్చి వేసేటోళ్లు. చినమ్మ పదకొండేండ్లు అట్లనే కాపురం చేసింది. ఆమె తానం చేస్తుంటే పెద్దబిడ్డ తలుపుకు వీపు ఆనిచ్చి కూసునేది.

చిన్న ఇంటి అందం రాసేవాళ్లు అడుగులు కొలుస్తారు. చినమ్మ గడియను కొలిచింది. ఇంటి సౌందర్యశాస్త్రానికి ఈ రెండో కొలతే కావాలని నా వాదన.

1994లో కోచింగ్ కోసం నేను దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం గల్లీలన్నీ తిరిగినం. టు-లెట్ బోర్డు చూసి గేటు కొడితే మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు. “ఏమోల్లు బాబూ మీరు?” అంటరు. మొహమాటమున్నోళ్లు “నీసు తింటరా?” అంటరు. ఇంకా తెలివైనోళ్లు “మీ ఊర్ల మీ ఇల్లు ఏదిక్కు ఉంటది?” అంటరు. నలుగురిలో ముగ్గురం మాదిగోళ్లం, ఒకడు గౌడ్. గది గౌడ్ పిలగాని పేరు మీద దొరికింది. మేడ మీద నీళ్లట్యాంకు పక్కన ఎనిమిది బై పది రేకుల గది. ఇద్దరం పండుకుంటే ఇద్దరం చదివేటోళ్లం. అంబేద్కర్ ఫోటోను గోడకు కాదు, నా ట్రంకుపెట్టె మూతకు లోపలి దిక్కు అంటించినం. అవ్వ పంపిన వట్టి తునకల మూట నెలరోజులు విప్పలేదు. కిటికీ ఎదురుంగనే ఇంటోళ్ల వంటిల్లు! వాళ్లు పెండ్లికి పోయిన రోజు వండుకున్నం. పెద్ద ఇంట్లో కులం ఏ మూలకన్నా దాగుతదేమో గని, చిన్న గదిలో పొయ్యి ముట్టియ్యంగనే బయటపడ్తది. సామాన్లు తగ్గించుకోమని బోధించేవాళ్లకు మేము తగ్గించుకున్నవి చెప్పాలె: పేరు, ఫోటో, కూర వాసన.

బరోడాలో అంబేద్కర్‌కు జరిగింది ఇదే. 1917లో ఉద్యోగానికి పోతే ఇల్లిచ్చేవాళ్లు లేక ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు పెట్టుకుని దిగాడని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశాడు. సత్రంలో ఇంకో బస చేసే మనిషి లేడు, అంతా ఆయనకే. చదరపు అడుగుల లెక్కన అది పెద్ద ఇల్లే! పదకొండో రోజు పార్సీలు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయిలో పరేల్ చాల్‌లో చిన్న గదుల్లోనే ఆయన కుటుంబం రెండు దశాబ్దాలు ఉంది, కానీ అక్కడ దొంగపేరుతో ఉండే అవసరం రాలేదు. తర్వాత దాదర్‌లో పుస్తకాలకు చోటు కావాలని రాజగృహ కట్టుకున్నాడు. పేదల నాయకుడికి మేడ ఎందుకని ఎవరన్నా అడుగుతారేమోనని మనవాళ్లలో కొందరు ఆ ఇంటి మాట ఎత్తడానికి జంకుతారు. ఎందుకు జంకాలి? ఒకే గదిలో ఇంటిల్లిపాది పండుకుంటే నడిరాత్రి లేచి చదువుకున్న పిల్లగాడు కట్టిన ఇల్లది.

ఇక మన సాహిత్యం సంగతి. జాషువా 1941లో రాసిన ‘గబ్బిలం’లో గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే దానితో శివుడికి కబురు పంపుతాడు. విమర్శకులంతా ఆ కావ్యంలో గుడి తలుపు గురించే మాట్లాడారు. ఆ రాత్రి గుడిసెలోకి గబ్బిలం ఎట్లా వచ్చింది? ఆపడానికి తలుపేది? జాషువా ఆ ఇంటిని మనకు చూపించాడు, మనమే లోపలికి పోలేదు. ఆ తర్వాత వచ్చిన మన ఆత్మకథనాల్లో, నేను చదివినంతలో, వెలివాడ గుడిసె ఉంది, సోషల్ వెల్ఫేర్ హాస్టలుంది, యూనివర్సిటీ ఉంది. నడుమ ఉన్న కిరాయి గది మీద రెండు మూడు వాక్యాలకు మించి దొరకవు. ఊరు విడిస్తే కులం పల్చబడుతుందన్న అబద్ధానికి మనం రాయని ఆ గదే ఆసరా అయింది.

2018 నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడుస్తోంది. కోచింగ్ పిల్లలు ఇప్పుడు ఎక్కువగా ప్రైవేటు హాస్టళ్లలో ఉంటున్నారు. గదికి ఆరు మంచాలు, మనిషికో ఇనుప అర. వాళ్లు రాసిన కవితలు నా దగ్గరికి వస్తుంటాయి. అన్నీ ఊరివే: డప్పు, చెప్పు, చెరువుగట్టు. “నువ్వుండే గది గురించి ఒక్క పాదం లేదేం తమ్మీ?” అని మొన్న ఒక పిలగాన్ని అడిగిన. “అది కవిత్వమెట్లయితది సార్?” అన్నడు. కిరాయి ఎంత, ఓనరు మొదటి రోజు ఏమడిగిండు, నువ్వేం చెప్పినవ్, అరలో ఏం దాచినవ్, తాళంచెవి ఎవరి దగ్గరుంటది, ముందు ఇవి రాసుకరమ్మని ఆ కవితలు వాపసిచ్చి పంపించిన.