పల్లె అడిగిన ప్రశ్న: నాగర్‌కర్నూల్ బైబిలు పాఠశాల చరిత్ర – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

విమర్శ అనగానే మీకు కావ్యం, కథ, నవల గుర్తుకు వస్తాయి. అయితే ఒక సంస్థ చరిత్ర కూడా రచనే. దాన్ని ఎవరో రాశారు, ఎవరికోసమో రాశారు, కొన్ని విషయాలు చెప్పి కొన్నిటిని వదిలేశారు. కాబట్టి దాన్ని కూడా విమర్శకుడి కళ్ళతో చదవాలి.

ఈ పాఠంలో అందుకు ఉదాహరణగా మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల క్రైస్తవ సంఘాలతో ముడిపడిన ఒక ప్రొటెస్టెంటు వేదాంత పాఠశాలను తీసుకుందాం. 1920లో నాగర్‌కర్నూల్‌లో మిషనరీలు ప్రారంభించిన బైబిలు పాఠశాల ఇది. 1940ల్లో శంషాబాదుకు తరలింది. నేడు మెనోనైట్ బ్రెదరన్ సెంటినరీ బైబిలు కళాశాల పేరుతో నడుస్తున్నది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఈ సంస్థ ఏ పరిస్థితుల్లో పుట్టిందో వివరించగలుగుతారు.
• మిషనరీ నివేదికలను ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.
• ఒక విద్యాసంస్థను దేనితో కొలవాలన్న ప్రశ్నకు మీ సొంత సమాధానం రాయగలుగుతారు.

2. చారిత్రక నేపథ్యం

మెనోనైట్లు 16వ శతాబ్దపు యూరప్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. ఊహ తెలిసిన తరువాతనే బాప్తిస్మం తీసుకోవాలని, ఆయుధం పట్టరాదని వీరి నమ్మకం. వీరిలో కొందరు దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డారు. 1860లో అక్కడే మెనోనైట్ బ్రెదరన్ అనే పాయ ఏర్పడింది. మన జిల్లాల్లో ‘ఎం.బి. చర్చి’ అని మీరు వినేది ఆ పేరుకు సంక్షిప్త రూపమే.

ఈ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో భారతదేశానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ సహకారంతో నల్లగొండలో కేంద్రాన్ని నెలకొల్పారు. 1899లో అమెరికాలోని మెనోనైట్ బ్రెదరన్ సంఘాలు విడిగా తమ మిషనరీలను హైదరాబాదుకు పంపాయి. ఆ తరువాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి వంటి చోట్ల మిషన్ కాంపౌండులు వెలిశాయి. మహబూబ్‌నగర్ కేంద్రం మొదట అమెరికన్ బాప్టిస్టులది. అది 1937లో మెనోనైట్ బ్రెదరన్ చేతికి వచ్చింది.

సంఘాలు పెరిగేకొద్దీ బోధకుల అవసరం పెరిగింది. అంతకుముందు తెలంగాణలోని బాప్టిస్టు బోధకులు శిక్షణ కోసం సముద్రతీరాన ఉన్న రామపట్నం సెమినరీకి పోయేవారు. 1870ల్లో మొదలైన ఆ సెమినరీ బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతంలో ఉంది. దూరం ఒక ఇబ్బంది, వేరే రాజ్యం కావడం మరో ఇబ్బంది. ఈ స్థితిలో డేనియల్ బెర్గ్‌తోల్డ్ అనే మిషనరీ నాయకత్వంలో నాగర్‌కర్నూల్‌లో పాఠశాల మొదలైంది.

3. సంస్థ సాధించినది

ముందుగా సంస్థ పక్షాన చెప్పవలసినది చెప్పుకుందాం. 1920 నాటి హైదరాబాదు రాజ్యాన్ని ఒకసారి ఊహించుకోండి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. కచేరీ భాష కూడా ఉర్దూయే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో తెలుగు, సంస్కృత పాండిత్యానికి ఆదరణ ఉండేది. కాని ఆ గడప మాల మాదిగ వాడలవారికి అందేది కాదు.

ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది ఆ వాడలవారే. వారికి నాగర్‌కర్నూల్‌లో దొరికినది తెలుగులో చదువు. గ్రంథాన్ని చేత పట్టుకొని చదవడం, చదివినదాన్ని నలుగురికి వివరించడం, కీర్తన పాడించడం, సంఘం లెక్క రాయడం – ఇవన్నీ బోధకుడి పనులు. ఊరి చావడి దగ్గర దూరంగా నిలబడవలసిన మనిషి, ఆదివారం ఉదయం నలుగురి ఎదుట నిలబడి మాట్లాడాడు. మాటకు హక్కు లేనివాడికి మాట దొరికింది. దీన్ని మత ప్రచారంగా మాత్రమే చూసి పక్కన పెడితే మనం చరిత్రకు అన్యాయం చేసినట్లే.

ఇక్కడ సాహిత్య చరిత్రకారులు కూడా ఒక విషయం ఆలోచించాలి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను చూపించి తెలంగాణలో తెలుగు ఉన్నదని నిరూపించాడు. అది గొప్ప పని. అయితే తెలుగు ఉనికికి సాక్ష్యం పద్యం ఒక్కటేనా? అదే పాలమూరు గడ్డమీద తెలుగు వచనాన్ని వారం వారం బిగ్గరగా చదువుతున్న బోధకులు మన సాహిత్య చరిత్రల్లో ఎందుకు కనబడరు?

దీనికి మరో పార్శ్వం ఉంది. వారు చదివిన తెలుగు బైబిలు భాష పాలమూరు భాష కాదు. బైబిలు అనువాదానికి తొలినాటి ప్రయత్నాల్లో కొన్ని విశాఖపట్నంలో జరిగాయి. కోస్తా పండితుల సాయంతో గ్రాంథిక ఛాయలున్న భాష అక్కడ స్థిరపడింది. అందువల్ల ఇక్కడి బోధకుడు ఇంట్లో ఒక తెలుగు, ప్రసంగంలో మరో తెలుగు మాట్లాడవలసి వచ్చింది. దొరికిన మాట కూడా పూర్తిగా తనది కాదన్నమాట.

4. నివేదికలను చదవడం

ఈ పాఠశాల తొలి చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు మిషనరీలు రాసిన ఉత్తరాలు, వార్షిక నివేదికలు. వీటిని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

(అ) ఎవరికోసం రాశారు? ఉత్తర అమెరికాలో చందాలు ఇచ్చే సంఘాలకోసం. చందా ఇచ్చినవారికి ఫలితం చూపాలి. కాబట్టి బాప్తిస్మాల సంఖ్య, కట్టిన గదుల సంఖ్య ముందుకు వస్తాయి. కరువులో చెదిరిపోయిన కుటుంబాలు, మధ్యలో మానేసిన విద్యార్థులు వెనక్కి పోతారు.

(ఆ) ఎవరి పేర్లు ఉన్నాయి? ఫ్రీసెన్, బెర్గ్‌తోల్డ్ వంటి పేర్లు మనకు సులభంగా దొరుకుతాయి. ఎండలో నడిచి పల్లె పల్లెకూ వెళ్ళిన తెలుగు బోధకులు, ‘బైబిలు స్త్రీలు’గా పిలిచే మహిళా ప్రచారకులు తరచుగా ఒక సంఖ్యగా మిగిలిపోతారు. పదిమంది బోధకులు అంటే పది జీవితాలని నివేదిక మనకు గుర్తుచేయదు.

(ఇ) ఏ మాట వాడారు, ఏ మాట వాడలేదు? జనం మిషనరీని ‘దొర’ అని పిలిచారు. తెలంగాణలో ఊరి భూస్వామికి కూడా అదే పిలుపు. ఈ ఒక్క మాట చాలు, కాంపౌండు లోపలి సంబంధాలను ఊహించడానికి. సమానత్వం బోధించే చోట కూడా పైన దొర ఉన్నాడు, కింద జీతగాడైన బోధకుడు ఉన్నాడు. పెత్తనం తెలుగువారి చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

5. ముచ్చింతల నుంచి వచ్చిన మనిషి

ఇప్పుడు ఈ పాఠానికి కీలకమైన సంఘటనకు వద్దాం. దీన్ని రాసినవాడు పాల్ హీబర్ట్. మిషనరీ దంపతుల బిడ్డగా 1932లో శంషాబాదులో పుట్టాడు. తరువాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక గ్రామంపై ‘కొండూరు’ అనే అధ్యయన గ్రంథాన్ని 1971లో ప్రచురించాడు. అంతకుముందు 1960ల్లో శంషాబాదు బైబిలు పాఠశాలలో పనిచేశాడు.

హీబర్ట్ చెప్పిన ప్రకారం, ఒకనాడు ఆయన పాఠం చెబుతుండగా ముచ్చింతల సంఘ పెద్ద ఒకాయన చాలా దూరం నడిచి వచ్చి నిలబడ్డాడు. ఊళ్ళో మశూచి వచ్చింది. మందులతో తగ్గలేదు. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని సోది చెప్పేవారు తేల్చారు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా అడిగారు. క్రైస్తవులు ఇవ్వలేదు. ఒక్క ఇల్లు తప్పినా అమ్మవారు శాంతించదు కాబట్టి ఊరు ఆగ్రహించింది. క్రైస్తవులకు బావి నీళ్ళు బందయ్యాయి. దుకాణాల్లో సరుకులు ఇవ్వలేదు. ఇంతలో క్రైస్తవుల బిడ్డ ఒకతెకు మశూచి సోకింది. ఆ బిడ్డకోసం ప్రార్థన చేయమని ఆ పెద్ద అడిగాడు.

హీబర్ట్ మోకరించాడు. కాని తాను నేర్చుకున్న వేదాంతంలోగాని, విజ్ఞానశాస్త్రంలోగాని ఈ సందర్భానికి జవాబు లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ దాపరికం లేనితనమే ఈ కథనానికి విలువ ఇచ్చింది.

తరువాత ఆ బిడ్డ చనిపోయింది. మిషనరీ తాను ఓడిపోయాననుకున్నాడు. కొన్నాళ్ళకు సంఘ పెద్ద మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన ముఖంలో సంతోషం ఉంది. బిడ్డ బతికి ఉంటే ఊరు మన దేవుని శక్తిని ఒప్పుకునేదే, అయినా ఎవరైనా ఒకనాడు పోవలసినవారే కదా. సమాధి దగ్గర మనం చూపిన నిరీక్షణను ఊరు చూసింది, ఇప్పుడు మన మార్గం గురించి అడుగుతున్నది – ఇదీ ఆయన మాటల సారాంశం.

6. హీబర్ట్ వివరణ – మన అంచనా

ఈ రకమైన అనుభవాలను హీబర్ట్ 1982లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో సిద్ధాంతీకరించాడు. మనుషుల లోకాన్ని మూడు అంతస్తులుగా ఊహించుకోండి. పై అంతస్తులో దేవుడు, పరలోకం, మోక్షం. కింది అంతస్తులో కంటికి కనిపించే ప్రకృతి, రోగం, మందు. ఈ రెంటి నడుమ గ్రామదేవతలు, దయ్యాలు, దిష్టి, శకునం, అదృష్టం. పాశ్చాత్య మిషనరీ పై అంతస్తును సెమినరీలో బోధించాడు, కింది అంతస్తును ఆసుపత్రిలోను, బడిలోను చూపించాడు. నడిమి అంతస్తు ఆయనకు కనబడనేలేదు. పల్లె మనిషి ప్రశ్నలన్నీ అక్కడే ఉన్నాయి. జవాబు దొరకనప్పుడు అతడు మళ్ళీ సోది చెప్పే మనిషి దగ్గరికే పోయాడు.

ఈ వివరణ చాలా విలువైనది. అయినా నాకు ఒక అభ్యంతరం ఉంది. మీరు ముచ్చింతల కథను మళ్ళీ చదవండి. అందులో దేవత ఎంత ముఖ్యమో, బావి అంత ముఖ్యం. చందా ఇవ్వనివారికి నీళ్ళు ఆపగల శక్తి ఎవరి చేతిలో ఉంది? ఇది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ఊరికీ వాడకూ మధ్య అధికారానికి సంబంధించిన ప్రశ్న. మూడంతస్తుల పటంలో అమ్మవారికి చోటు దొరికింది, బావికి దొరకలేదు. కులాన్ని పక్కన పెడితే పల్లెను అర్థం చేసుకోవడం సగంలోనే ఆగిపోతుంది.

రెండవ విషయం ఇంకా ముఖ్యం. ఆ కథలో ఉపాధ్యాయుడు ఎవరు? తరగతి నడుపుతున్నది మిషనరీ. కాని మరణం ఎదుట తమ విశ్వాసానికి అర్థం ఏమిటో తేల్చి చెప్పినవాడు పల్లె సంఘ పెద్ద. పాఠశాల దగ్గర లేని జవాబును, పాఠశాలకు పల్లె తెచ్చి ఇచ్చింది. వేదాంతం శంషాబాదు తరగతి గదిలోనే కాక, ముచ్చింతల శ్మశానంలో కూడా తయారైంది.

7. ముగింపు

నేడు ఈ కళాశాల సెరాంపూర్ సెనేట్ వ్యవస్థకు అనుబంధంగా ఉంది. పట్టాలు, పాఠ్యప్రణాళికలు, పరీక్షలు వచ్చాయి. ‘సెంటినరీ’ అన్న మాట 1889 నుంచి లెక్కించిన మిషన్ నూరేళ్ళను గుర్తుచేస్తుంది. ఇవన్నీ సంస్థ ఎదుగుదలకు గుర్తులే. అయితే ఎదుగుదలతోపాటు ఒక ప్రమాదం కూడా ఉంటుంది. పట్టా పెద్దదయ్యేకొద్దీ పల్లె ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చు.

కాబట్టి ఈ సంస్థ చరిత్ర రాసేవారు భవనాలు, ప్రిన్సిపాళ్ళ వరుసతో సరిపెట్టుకోరాదని నా అభిప్రాయం. పల్లెనుంచి నడిచి వచ్చిన మనిషికి అది ఏం చెప్పింది, అతని దగ్గర ఏం నేర్చుకున్నది అన్నదే అసలు కొలత. ఇది సెమినరీలకే పరిమితమైన కొలత కాదు. తెలుగు మాధ్యమంలో, దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ కొలత అవసరం మరీ ఎక్కువ. మీ చేతిలోని ఈ పుస్తకాన్ని కూడా దానితో కొలవండి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1920 నాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగులో బోధకుల శిక్షణకు ఉన్న సామాజిక ప్రాధాన్యాన్ని వివరించండి.
2. మిషనరీ నివేదికలను చదివేటప్పుడు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఏవి? ఉదాహరణలతో రాయండి.
3. హీబర్ట్ మూడంతస్తుల వివరణను సంగ్రహంగా చెప్పి, ఈ పాఠంలో దానిపై వచ్చిన అభ్యంతరంతో మీరు ఏకీభవిస్తారో లేదో కారణాలతో చర్చించండి.

చేయవలసిన పని: మీ ఊరిలోని పాత బడి, గుడి, చర్చి, మసీదు లేదా ఆసుపత్రి ఒకదాన్ని ఎంచుకోండి. గోడమీది శిలాఫలకంపై ఉన్న పేర్లు రాసుకోండి. తరువాత ఆ ఊరి వృద్ధులతో మాట్లాడి, ఫలకంపై లేని పేర్లు రాసుకోండి. ఆ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి రెండు పుటల వ్యాసం రాయండి.