పాఠ్యగ్రంథాలలో కుందేలు–లింక్స్ కథ

జంతువుల సంఖ్యలో వచ్చే హెచ్చుతగ్గులను గురించి చెప్పే జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఒక పటం తరచుగా కనబడుతుంది. అందులో రెండు వంపుగీతలు ఉంటవి. ఒకటి కెనడా ఉత్తరారణ్యాలలో నివసించే స్నోషూ కుందేలుది. రెండవది దానిని తిని బ్రతికే లింక్స్ అనే అడవిపిల్లిది. కుందేళ్లు పెరిగితే లింక్సులు పెరుగుతవి. లింక్సులు పెరిగితే కుందేళ్లు తగ్గుతవి. తిండి లేక లింక్సులూ తగ్గుతవి. అప్పుడు కుందేళ్లు మరల పెరుగుతవి. తొమ్మిది, పది సంవత్సరాల కొకసారి ఈ చక్రం తిరుగుతుంది. విద్యార్థికి ఇది ఒక్క నిమిషంలో బోధపడుతుంది, పరీక్షలో వ్రాస్తాడు, ఆ తరువాత కూడ మరచిపోడు. ఇంత సులభంగా మనస్సులో నాటుకొనే పటాన్నే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది.

ముందుగా దాని గుణాలను చెప్పుట న్యాయం. ఈ లెక్కలు ఊహించినవి కావు. 1670లో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ బొచ్చుతోళ్ల వర్తకం చేస్తూ, ఏయే సంవత్సరం ఎన్ని తోళ్లు వచ్చినదీ పద్దులలో వ్రాసి ఉంచినది. ఆ పాత పద్దులు ప్రకృతి చరిత్రకు ఆధారం కాగలవని గుర్తించి, 1942లో లింక్సుల హెచ్చుతగ్గులను వెల్లడించిన ఘనత చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్‌లది. కుందేళ్ల లెక్కలను 1937లో మాక్లూలిచ్ ప్రచురించాడు. భక్షించే జంతువు, దానికి ఆహారమైన జంతువు ఒకదాని వెంట ఒకటి పెరిగి తరుగుతవని 1925లో లోట్కా, 1926లో వోల్టెరా గణిత సమీకరణాల ద్వారా చూపి ఉన్నారు. సిద్ధాంతం, పద్దు రెండూ కలిసినట్లు తోచినవి. పటం స్థిరపడినది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పద్దులో ఉన్నవి తోళ్లు. అడవిలో ఉన్నవి జంతువులు. తోళ్ల సంఖ్య జంతువుల సంఖ్యను బట్టియే గాక, ఉచ్చులు పన్నేవారి శ్రమను బట్టి, తోలు ధరను బట్టి కూడ మారుతుంది. పైగా కుందేళ్ల గీతలో ఇరవయ్యవ శతాబ్దపు భాగానికి ఆధారం తోళ్లు కావు. ప్రశ్నపత్రాలకు వచ్చిన జవాబులు. 1973లో గిల్పిన్ ఈ లెక్కలనే తిరిగి పరిశీలించి ఒక వింతను చూపాడు. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో లింక్సుల శిఖరం కుందేళ్ల శిఖరం కంటె ముందు వస్తున్నది! గీతలనే నమ్మితే కుందేళ్లే లింక్సులను తింటున్నవని చెప్పవలసి వస్తుంది. వేర్వేరు ప్రాంతాల లెక్కలను ఒకే పటంలో చేర్చుట ఇందుకు కారణం కావచ్చునని చెప్పబడినది. చక్రం ఉన్నమాట నిజమే. తరువాతి పరిశీలనలలోనూ అది కనబడినది. కాని చక్రం ఉన్నదనుట వేరు, దాని కారణం తెలిసినదనుట వేరు. పాఠ్యగ్రంథాలు ఈ రెంటిని ఒకే మాటగా చెప్పుతున్నవి.

పటంలోని రెండవ లోపం అందులో లేనిదానిని గురించినది. కుందేలు ఏమి తింటున్నది? చలికాలంలో విల్లో, బర్చ్ వంటి మొక్కల లేతకొమ్మలే దానికి ఆధారం. కుందేళ్లు మితిమీరినప్పుడు ఆ కొమ్మలు కొరతపడతవి. బాగా కొరికివేయబడిన కొన్ని జాతుల చెట్లు వేసే కొత్త చిగుళ్లలో కుందేలుకు గిట్టని జిగురు పదార్థాలు ఎక్కువగా ఉంటవి. ఈ మొక్కలకు పటంలో గీత లేదు. కుందేలును తినే కయోటీ, పెద్దకొమ్ముల గుడ్లగూబ, గాస్‌హాక్ డేగలకూ చోటు లేదు. చివరకు ఉడుతలు కూడ పసి కుందేళ్లను చంపి తింటవని పరిశోధకులు కనుగొన్నారు. రెండు జంతువుల ద్వంద్వయుద్ధంగా చెప్పబడిన కథ నిజానికి ఒక ఊరంత ఉన్నది.

ఆహారమా, శత్రువులా, ఏది ముఖ్యం? ఈ ప్రశ్నకు గీతలను ఎంతసేపు చూచినా జవాబు రాదు. ప్రయోగం కావాలె. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లువానే వద్ద, చార్లెస్ క్రెబ్స్, ఆయన సహచరులు 1986 నుండి అటువంటి ప్రయోగమే చేశారు. ఒక్కొక్కటి చదరపు కిలోమీటరు వైశాల్యం గల అడవి తునకలను తీసికొన్నారు. కొన్నింటిలో కుందేళ్లకు అదనపు తిండి వేశారు. ఒకదాని చుట్టూ విద్యుత్ కంచె కట్టి లింక్సులను, కయోటీలను రానీయలేదు. మరొకదానిలో ఈ రెండు పనులూ చేశారు. కొన్నింటిని ఉన్నవి ఉన్నట్లు వదలివేశారు. ఫలితాలు 1995లో వెలువడినవి. చక్రపు శిఖరంలోను, క్షీణదశలోను సగటున కుందేళ్ల సాంద్రత కంచె వేసినచోట రెండింతలు, తిండి వేసినచోట మూడింతలు అయినది. రెండూ చేసినచోట పదకొండింతలు!

ఈ అంకె వద్ద ఉపాధ్యాయుడు ఆగవలె. రెండును మూడుతో గుణించినా ఆరే గదా. పదకొండు ఎట్లా వచ్చినది? ఆహారం, భయం విడివిడిగా పనిచేసే రెండు శక్తులు కావన్నమాట. ఆకలిగొన్న కుందేలు మేతకోసం ప్రమాదమున్న చోట్లకు పోవచ్చును. శత్రువులు ఎక్కువైనప్పుడు తల్లి కుందేలు నిత్యం బెదురులో ఉంటుంది. దాని ఈతలలో పిల్లలు తగ్గుతవి. అట్లాగని ఆహారమే హంతకి అనుటకు వీలు లేదు. క్లువానేలో చచ్చిన కుందేళ్లలో అత్యధిక భాగం శత్రువుల వాతబడినవే గాని, ఆకలితో మాడి చచ్చినవి కావు. పైగా పదకొండింతలైన చోట కూడ కుందేళ్లు చివరకు తగ్గకపోలేదు.

పాత పటాన్ని పాఠ్యగ్రంథం నుండి తొలగించవలసిన పని లేదు. దానిని జవాబుగా గాక ప్రశ్నగా పెట్టితే చాలును. మొదట గీతలు చూపవలె. ఈ లెక్కలు ఎవరు వ్రాశారు, దేనిని లెక్కించారు అని అడుగవలె. ఆ తరువాత క్లువానే అంకెలు చెప్పవలె. ఇది కేవలం ఒక పాఠానికి సంబంధించిన విషయం కాదు. క్రూరమృగాలను చంపితే సాధుజంతువులు వృద్ధి అవుతవని, లేదా మేత వేస్తే చాలునని, ఒక్క కారణంతోనే తేల్చివేసే వారి చేతికి అడవులు చిక్కితే నష్టం పటానికి కాదు, అడవికి. రెండు గీతలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదని పదవ తరగతిలోనే తెలిసికొన్న విద్యార్థి అటువంటి పొరపాటుకు అంత త్వరగా లోబడడు.