నిలబడిపోయిన మనిషి

హోసూరులో ఒక మిత్రుడి ఇంట్లో దొరికింది నాకీ పుస్తకం. పోలండ్ పాత్రికేయుడు రిషార్డ్ కపుశ్చిన్‌స్కీ 1982లో వెలువరించిన 'షాహిన్‌షా'. నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. 1979లో ఇరాన్ ప్రజలు తమ రాజును ఎలా దించారన్నది వస్తువు. ఫొటోలు, నోట్సు, టేపులు ముందేసుకుని హోటల్ గదిలో కూర్చున్న రచయిత, వాటిలోంచి ఒక రాజవంశం కథను తవ్వి తీస్తాడు.

పుస్తకానికి ఆయువుపట్టు లాంటి ఘట్టం ఒకటుంది. గుంపు అంచున నిలబడ్డ ఒక మామూలు మనిషి దగ్గరికి పోలీసు వచ్చి, పొమ్మని గద్దిస్తాడు. మామూలుగా అయితే అతను పరుగెత్తాలి. ఈసారి కదలడు. అలా చూస్తూ నిలబడతాడు. పక్కవాళ్ళూ కదలరు. పోలీసే వెనుదిరుగుతాడు. విప్లవం మొదలైంది ఇక్కడే అంటాడు రచయిత. రాజ్యం నిలిచేది తుపాకుల మీద కన్నా జనం భయం మీదేనని ఇంత తేటగా చెప్పిన రచన నేను చదవలేదు.

రెండోసారి చదివినప్పుడు మాత్రం అసంతృప్తి కలిగింది. ఆ మనిషికి పేరు లేదు, ఊరు లేదు, మాట లేదు. అతని ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. చరిత్ర అలా నడవలేదు. 1978 జనవరిలో ఖోమ్ పట్టణంలో కాల్పులు జరిగి జనం చనిపోయారు. షియాల ఆచారం ప్రకారం నలభయ్యో రోజున సంతాపం. ఆ రోజున తబ్రీజ్ వీధులు నిండాయి; అక్కడా చావులే. మళ్ళీ నలభై రోజులకు మరికొన్ని ఊళ్ళు. సెప్టెంబరు 8న టెహరాన్‌లోని జాలే కూడలిలో సైన్యం కాల్చింది. తరువాత చమురు కార్మికులు సమ్మె కట్టారు. 1979 జనవరి 16న షా దేశం విడిచాడు. ఫిబ్రవరి 11న సైన్యం తాను తటస్థమని ప్రకటించింది. ఆ మనిషి వెనక మసీదు, బజారు, ఖొమేనీ ఉపన్యాసాల క్యాసెట్లు, పని ఆపేసిన చేతులు ఉన్నాయన్నమాట. ఇవి రచయితకు తెలియనివి కావు. కానీ పుస్తకం మూశాక మనసులో మిగిలేది ఆ ఒక్క చూపే.

కారణం భాష అనుకుంటాను. టీవీలో ఖొమేనీ మాట్లాడుతుంటే, ఏమంటున్నాడని రచయిత పక్కవాళ్ళను అడగాల్సి వచ్చింది. ఊరేగింపును చూడటం వేరు, నినాదం అర్థం కావడం వేరు. పరాయి భాషల నడుమ బతికే మనకు ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా 2010లో పోలండ్‌లో వచ్చిన ఆయన జీవితచరిత్ర, ఆయన రచనల్లో కల్పన పాలెంత అని ప్రశ్నించింది. కనుక ఈ ఘట్టాన్ని సాక్ష్యంగా కాక, నీతికథగా చదువుకోవడం మేలు.

మరో మాట. షా వెళ్ళి రెండు నెలలు నిండక ముందే, ప్రభుత్వ కార్యాలయాల్లో స్త్రీలు ముసుగు ధరించాలన్న ఖొమేనీ మాటను ధిక్కరించి, మార్చి 8న టెహరాన్ స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ ముందూ గద్దింపు ఉంది, వాళ్ళూ నిలబడ్డారు. పేరులేని ఆ మనిషికిచ్చినంత చోటు వీళ్ళకూ ఇచ్చి ఉంటే, రాజు పోయినంత మాత్రాన భయం పోదన్న సంగతి పుస్తకంలో మరింత బలపడేది.

అయినా ఇది చదవాల్సిన పుస్తకమే. చదివాక, ఆ మనిషి ఆ చోటిదాకా ఎలా నడిచొచ్చాడని మాత్రం అడగడం మరవకండి.